ఏనాటి మన్నా ఆనాటికే

సెమిస్టరు అనే మాట మా ఇంటికి 2022లో వచ్చింది. అంతకు ముందు మేమెరిగిన చదువు వేరు. సంవత్సరమంతా బడికి పోవడము, మార్చిలో పరీక్షలు వ్రాయడము, ఎండాకాలములో ఫలితాలు చూచుకోవడము. మాలో ఒకరు పదవ తరగతి వరకు, మరొకరు ఏడవ తరగతి వరకు ఆ విధముగానే చదువుకున్నాము. మా పెద్దమ్మాయి ప్రభుత్వ జూనియర్ కాలేజీలో తెలుగు మీడియములో ఇంటర్ ముగించి, ప్రభువు కృపవలన ఆ సంవత్సరము ఇంజనీరింగులో సీటు తెచ్చుకుంది. నాలుగేళ్ళలో ఎనిమిది సెమిస్టర్లు ఉంటాయనీ, మొత్తము 160 క్రెడిట్లు కూడబెట్టుకుంటేనే పట్టా చేతికి వస్తుందనీ తనే మాకు వివరించింది. ఆదివారము గుడిలో అయ్యగారు ఆమె పేరు చదివి ప్రార్థన చేశారు. మేము కృతజ్ఞత కానుక వేశాము. మా పల్లెలో మన సంఘము నుండి ఇంజనీరింగుకు వెళ్ళిన మొదటి ఆడపిల్ల గనుక అందరికీ సంతోషమే.

ఈ సెమిస్టరు పద్ధతి తెలియని తలిదండ్రులు చాలామంది ఉంటారు గనుక కొంచెము చెబుతాము. ఒక సెమిస్టరు అంటే ఇంచుమించు పదహారు వారాలు. అందులో ఐదారు సబ్జెక్టులు, వాటికి తోడు ల్యాబులు, రికార్డులు. మా అమ్మాయి కాలేజీలో ప్రతి సబ్జెక్టుకు మిడ్ పరీక్షలు, అసైన్‌మెంట్లు కలిపి 30 మార్కులు, చివరి పరీక్షకు 70. ఆ డెబ్బైలో కనీసము 25 రావాలి, మొత్తము మీద 40 రావాలి. హాజరు 75 శాతము ఉండాలి. జబ్బు చేసి కొంత తగ్గితే సర్టిఫికెట్టు పెట్టి, రుసుము కట్టి గట్టెక్కవచ్చునట. 65 కంటె తగ్గితే పరీక్షకే కూర్చోనివ్వరు. పొలములో ఒక వారము పని వెనుకబడితే నలుగురు కూలీలను ఎక్కువ పెట్టి అందుకుంటాము. ఇక్కడ ఆ వీలు లేదు. వెనుకబడిన వారము మీద కొత్త వారము వచ్చి కూర్చుంటుంది.

ఆ పిల్లలకు మరొక చిక్కు కూడా ఉన్నది, దానిని ఎవరూ పెద్దగా లెక్కలోనికి తీసుకోలేదు. కరోనా వలన మన ఆంధ్రప్రదేశ్‌లో 2020లో పదవ తరగతి పరీక్షలు, 2021లో ఇంటర్ పరీక్షలు రద్దయ్యాయి. 2022లో ఇంటర్ రెండవ సంవత్సరము ముగించి కాలేజీలకు వెళ్ళిన పిల్లలకు అంతవరకు పెద్ద పరీక్షలకు కూర్చున్న అలవాటు తక్కువ. ఇక భాష సంగతి సరే సరి. కాలేజీలో పాఠము ఇంగ్లీషు, పుస్తకము ఇంగ్లీషు, ప్రశ్న ఇంగ్లీషు. మా అమ్మాయి ఒక్కొక్క వాక్యము రెండుసార్లు చదివేదట, మొదటిసారి మాటల కోసము, రెండవసారి అర్థము కోసము. పక్క పిల్ల పది పేజీలు చదివేసరికి తను నాలుగు చదివేది. మిగిలిన ఆరు పేజీలు రాత్రిళ్ళు చదవబోయేది. రెండు నెలలలో నిద్ర పోయింది, ఆ తరువాత ఆకలి పోయింది.

2023లో మొదటి సెమిస్టరు ఫలితాలు వచ్చినప్పుడు మూడు సబ్జెక్టులు మిగిలాయి. గణితము, సి ప్రోగ్రామింగ్, ఇంజనీరింగ్ డ్రాయింగ్. చిన్నప్పటి నుండి ఏ వేసవీ మానకుండా వి.బి.ఎస్.లో చిన్నపిల్లలకు పాటలు నేర్పిన పిల్ల, ఆ వేసవిలో రెండు రోజులు సెలవు దొరికినా రానన్నది. ఫోనులో ఆమె అన్న మాటలు మాకు ఇప్పటికీ గుర్తే. “అమ్మా, ప్రార్థన చేసుకునే పుస్తకము తెరుస్తున్నాను. ఒకే పేజీ నాలుగుసార్లు చదివినా బుర్రకెక్కడము లేదు. నాకు విశ్వాసము లేదేమో. చదువు మానేసి వచ్చేస్తాను. కాని గుడికి మాత్రము రాను.”

మరునాడు తొలి బస్సుకు మేమిద్దరము బయలుదేరాము. గోంగూర పచ్చడి, కోడికూర, ఒక డబ్బా సున్నుండలు పట్టుకున్నాము. హాస్టలులో అనుమతి వ్రాయించుకుని ఆ ఊళ్ళోనే ఉన్న మా బంధువుల ఇంటికి తీసుకుపోయాము. పిల్ల ముఖము చూచిన తరువాత మార్కుల మాట ఎత్తబుద్ధి కాలేదు. అన్నము పెట్టాము. తిన్నది, పడుకున్నది. సాయంకాలము ఐదింటికి పడుకున్న పిల్ల మరునాడు తెల్లవారిన తరువాత లేచింది. మళ్ళీ అన్నము పెట్టాము, మళ్ళీ పడుకున్నది.

ఆ రెండు రోజులూ మేము 1 రాజులు 19వ అధ్యాయము చదువుకుంటూ కూర్చున్నాము. మన సంఘాలలో ఏలీయాను గూర్చి ప్రసంగాలు తక్కువేమీ కాదు. అయితే ఎక్కువగా వినబడేది కర్మెలు పర్వతము మీది అగ్ని సంగతి. ఆ మరుసటి అధ్యాయములో అదే ప్రవక్త అరణ్యములో ఒక దినప్రయాణము నడిచి, బదరీవృక్షము క్రింద కూలబడి, ఇక చాలు, నా ప్రాణము తీసికొమ్మని దేవుని అడిగాడు. అంతటి ప్రవక్తను అప్పుడు దేవుడు గద్దించలేదు. నీ విశ్వాసము ఏమైనదని అడగలేదు. నిద్రపోనిచ్చాడు. దూత వచ్చి తట్టి లేపి, నిప్పుల మీద కాల్చిన రొట్టె, నీళ్ళు చూపించాడు. తిని మళ్ళీ పడుకున్నాడు. రెండవసారి కూడా దూత లేపి, ముందున్న దారి చాలా దూరమని చెప్పి తినిపించాడు. దేవుడు అతనితో అసలు సంగతి మాట్లాడింది నలువది దినాల తరువాత హోరేబులో. వరుస గమనించండి: నిద్ర, భోజనము, మళ్ళీ నిద్ర, మళ్ళీ భోజనము, నడక, ఆ తరువాత మాట. మన ఇండ్లలో పిల్ల ఫోను చేసి ఏడ్వగానే మాట ముందు వస్తుంది, అన్నము చివరికి పోతుంది.

మా అమ్మాయికి రెండవ రోజు రాత్రి ఆ అధ్యాయము చదివి వినిపించాము. విశ్వాసము లేక కాదు తల్లీ, నువ్వు అలసిపోయావు అని చెప్పాము. అప్పుడు ఏడ్చింది, ఏడ్చి మనసులోనిది బయటపెట్టింది. ఆమెను నలుపుతున్నవి ఆ మూడు సబ్జెక్టులే కావు. గుడిలో చదివిన తన పేరు, హాస్టలు ఫీజుకు తెచ్చిన అప్పు, తనను చూచి చదవవలసిన తమ్ముడు, వీళ్ళందరూ ఆమెతో పాటు పరీక్ష హాలులో కూర్చుంటున్నారట. ప్రశ్నపత్రము చేతికి రాగానే ముందు వడ్డీ లెక్క గుర్తు వచ్చేదట! ఆ రాత్రి మేము ఒక మాట ఇచ్చాము. అప్పు మా లెక్క, సబ్జెక్టు నీ లెక్క. మా లెక్క నువ్వు చూడవద్దు, ఫోనులో మేము కూడా ఆ ఊసు ఎత్తము. ఈ మాటను నిలబెట్టుకోవడము తేలిక కాదు. మిరప ధర పడిన రోజున నోటి చివరి దాకా వస్తుంది. అయినను ఆగవలసిందే.

ఇక్కడ ఒక సంగతి ప్రత్యేకముగా వ్రాయాలి. అలసట విశ్రాంతితో తీరుతుంది. తీరకుండా రెండు వారాలకు పైగా నిద్ర పట్టకపోవడము, తిండి సహించకపోవడము, ఎవరితోనూ మాట్లాడకపోవడము, బ్రదికి లాభమేమిటన్న మాట రావడము చూస్తే డాక్టరు దగ్గరకు తీసుకుపోవాలి. అది విశ్వాసలోపము కాదు. జ్వరానికి ఆసుపత్రికి పోయి, వచ్చి ప్రార్థన చేయించుకునే మనము దీనికి మాత్రము సిగ్గుపడడము దేనికి? టెలిమానస్ అనే ప్రభుత్వ సహాయ కేంద్రము 2022 అక్టోబరులో ప్రారంభమైనది. 14416 నంబరుకు ఫోను చేస్తే రాత్రి పగలు ఉచితముగా, తెలుగులో మాట్లాడతారు. చచ్చిపోతానన్న మాట వింటే రెండు వారాలు చూడనక్కర లేదు, ఆ నిమిషమే ఎవరైనా పక్కన ఉండాలి. ఈ నంబరును మా గుడి గోడ మీద ప్రార్థన వేళల పక్కన వ్రాయించాము.

చదువు సంగతికి వస్తాము. మేము మా అమ్మాయికి పాఠము చెప్పగలిగినవారము కాము. మాకు తెలిసింది నిర్గమకాండము 16వ అధ్యాయములోని మన్నా పద్ధతి. ఏ రోజు కూర్చుకున్నది ఆ రోజుకే. మరునాటికి దాచిపెడితే పురుగు పట్టింది. ఆరవ దినమున మాత్రము రెండింతలు, ఎందుకంటే ఏడవ దినము విశ్రాంతి. ఆ లెక్కలో ఆమె ఒక కాగితము వ్రాసుకున్నది. ఆనాడు క్లాసులో చెప్పినది ఆనాడే, అర్థమైనంత వరకే, ఒక్కొక్క సబ్జెక్టుకు అరగంట చొప్పున చూచుకోవడము. శనివారము వెనుకటి వారములో మిగిలినవి. ఆదివారము పుస్తకము ముట్టదు. పరీక్షలకు ముందు వారములో కూడ ముట్టదా అని మా వాళ్ళు కొందరు అడిగారు. ముట్టలేదు. ఇది అందరికీ కట్టుబాటుగా చెప్పడము లేదు, అది ఆమె తీసుకున్న తీర్మానము. వారానికొక రోజు ఉన్నదనే ఆశతోనే మిగిలిన ఆరు రోజులూ కూర్చోగలిగానని ఆమె చెబుతుంది.

అరగంట అన్నాము గదా. ఇటలీ దేశస్థుడు ఫ్రాంచెస్కో సిరిల్లో తాను విద్యార్థిగా ఉన్న రోజులలో, 1980ల చివర, వంటింటి గడియారము పెట్టుకుని 25 నిమిషాలు చదవడము, 5 నిమిషాలు లేవడము అనే పద్ధతి పెట్టుకున్నాడట. టమాటా ఆకారములో ఉన్న గడియారము గనుక ఆ పద్ధతికి వాళ్ళ భాషలో టమాటా పేరే వచ్చింది. మా అమ్మాయికి ఇది హాస్టలులో ఒక సీనియరు చెప్పింది. ఐదు గంటలు చదవాలనుకుంటే కూర్చోబుద్ధి కాదు, ఇరవై ఐదు నిమిషాలకు ఎవరైనా కూర్చుంటారు. ఆ ఇరవై ఐదు నిమిషాలూ సెల్‌ఫోను పెట్టెలో పెట్టి తాళము వేయడము మాత్రము మా సలహా.

చదివిన పేజీనే మళ్ళీ మళ్ళీ చదవడము ఆమెకున్న పాత అలవాటు. మనందరికీ ఉన్నదే. అమెరికాలో రోడిగర్, కార్పికే అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రజ్ఞులు 2006లో దీనిని విద్యార్థుల మీద పరీక్షించి చూశారు. ఒక పాఠాన్ని తిరిగి తిరిగి చదివినవారికి ఐదు నిమిషాల తరువాత పెట్టిన పరీక్షలో ఎక్కువ గుర్తున్నది. వారము తరువాత చూస్తే, పుస్తకము మూసి తమకు గుర్తున్నది వ్రాసి చూచుకున్నవారే ముందున్నారు. మన సండే స్కూలు టీచరమ్మలకు ఇది కొత్త సంగతి కాదు. కంఠత వాక్యాన్ని పుస్తకము చూచి పదిసార్లు చదివిస్తే రాదు, మూసి ఒప్పజెప్పిస్తేనే వస్తుంది! మా అమ్మాయి పాత ప్రశ్నపత్రాలు సంపాదించి, పుస్తకము మూసి, సగము వచ్చినా సరే వ్రాయడము మొదలుపెట్టింది. రాని సగమే తరువాతి రోజు పాఠము. పరీక్ష హాలు భయము కూడ దానితోనే తగ్గింది. చేతికి వ్రాసే అలవాటు పడింది గదా.

భాష కోసము మేము దానియేలు గ్రంథము మొదటి అధ్యాయము చూపించాము. యూదా నుండి చెరపట్టబడి పోయిన ఆ పిల్లలకు బబులోనులో మూడు సంవత్సరాలు కల్దీయుల భాష, విద్య నేర్పారు. వారికి అది తల్లిభాష కాదు, అక్కడ పెట్టిన పేర్లు కూడ వారివి కావు. అయినను నలుగురూ కలిసి నేర్చుకున్నారు. కష్టము వచ్చినప్పుడు దానియేలు ఇంటికి పోయి ముందు ఆ ముగ్గురు స్నేహితులతోనే చెప్పి ప్రార్థన చేయమన్నాడు. మా అమ్మాయి కూడ హాస్టలులో తెలుగు మీడియము నుండి వచ్చిన మరి ముగ్గురు పిల్లలను వెదుక్కున్నది. వారిలో ఇద్దరు హిందువులు, ఒకరు ముస్లిము. రాత్రి భోజనము తరువాత ఒకరు పాఠాన్ని ముందు తెలుగులో మిగిలినవారికి చెప్పాలి, తరువాత అదే ఇంగ్లీషులో వ్రాయాలి. కొత్త మాటలకు ఒక నోటుపుస్తకము. మొదటి నెల నోటుపుస్తకము నిండిపోయిందట, మూడవ నెలకు రోజుకు నాలుగు మాటలు కూడ దొరకడము లేదట. ప్రతి సబ్జెక్టుకు దాని మాటలు ఇన్నేనని అప్పుడు తెలిసింది అన్నది.

చదువు మీద ఆసక్తి నిలబెట్టుకోవడము గూర్చి ఈ రోజులలో పెద్ద పెద్ద ఉపన్యాసాలు ఇస్తున్నారు. కాలేజీలకు వచ్చి గంటసేపు చప్పట్లు కొట్టించి వెళ్ళేవారున్నారు. ఆ ఉత్సాహము హాస్టలుకు తిరిగి చేరేదాకా ఉంటే గొప్ప. మిరప నారు నాటినవారికి ఒకటి తెలుసు. మడిలో నిటారుగా ఉన్న నారు, పొలములో నాటగానే తల వాల్చేస్తుంది. వేరు కొత్త మన్ను పట్టేదాకా అంతే. ఆ నాలుగైదు రోజులు దానిని లాగి చూడకూడదు, ఎరువు కుమ్మరించకూడదు. తడి ఆరకుండా చూచుకోవాలి. ఆసక్తి కూడ వేరు పట్టిన తరువాతనే వస్తుందని మేము చూశాము. ముందు పని, తరువాత ఇష్టము.

మా అమ్మాయికి ఆ ఇష్టము తప్పిపోయిన సబ్జెక్టులోనే వచ్చింది. సి ప్రోగ్రామింగ్ సప్లిమెంటరీకి చదువుతూ, మా మిరప టిక్కీల తూకము లెక్క వేసే ప్రోగ్రాము ఒకటి వ్రాసింది. ఒక్కొక్క టిక్కీ తూకము కొట్టుకుంటూ పోతే మొత్తము బరువు, ధర, కమీషను, కూలి పోగా చేతికి వచ్చేది చెబుతుంది. మా దగ్గర ఉన్న పాత చీటీలోని అంకెలు ఫోనులో చెప్పించుకుని వేసి చూసింది. “నాన్నా, చీటీలో కూడిక సరిగ్గానే ఉన్నది, ఎవరూ మోసము చేయలేదు” అని నవ్వింది. చాలా నెలల తరువాత మేము విన్న నవ్వు అది. పుస్తకములో ఉన్నది మన ఇంటి లెక్కకు కూడ పనికివస్తుందని చూచుకున్న తరువాత, చదవమని ఆమెకు ఎవరూ చెప్పవలసిన పని లేకపోయింది.

సంఘములో మేము దాచలేదు. ఒక ఆదివారము విజ్ఞాపనల సమయములో లేచి, మా అమ్మాయికి మూడు సబ్జెక్టులు మిగిలాయి, అలసిపోయి ఉన్నది, ప్రార్థించండి అన్నాము. పిల్లనడిగి, ఆమె సరేనన్న తరువాతనే ఆ మాట చెప్పాము. ఆరాధన అయిన తరువాత ఇద్దరు తల్లులు వేపచెట్టు క్రిందకు వచ్చారు. ఒకరి కుమారునికి ఏడు సబ్జెక్టులు ఉన్నాయట, ఏడాదిగా ఇంట్లో తప్ప ఎవరికీ తెలియదట. ఇంకొకరి కుమార్తె నర్సింగు మొదటి సంవత్సరములో ఉండి రోజూ ఏడుస్తున్నదట. ఆ వారమే అయ్యగారు, అమ్మగారు, మేము, ఆ రెండు కుటుంబాలు కలిసి కూర్చుని మాట్లాడుకున్నాము. సెలవులకు వచ్చిన పిల్లలను గుమ్మములోనే మార్కులు అడగకూడదని ఒక నిర్ణయము చేసుకున్నాము. దీనిని పాటించడము మా పెద్దలలో ఒకరికి ఇప్పటికీ కష్టముగానే ఉన్నది. పాపము, ఆయనకు పలకరింపు అంటే అదే!

గణితము, సి ప్రోగ్రామింగ్ మొదటి సప్లిమెంటరీలోనే వచ్చాయి. డ్రాయింగ్ రెండుసార్లు తప్పింది. మూడవసారి 2024లో సరిగ్గా గట్టెక్కే మార్కులతో వచ్చింది. సాక్ష్యము చెప్పుకోదగిన మార్కులు కావు. మేము మాత్రము మళ్ళీ కృతజ్ఞత కానుక వేశాము, సీటు వచ్చిన రోజున వేసినంతే. ఆ తరువాత కూడ సెమిస్టర్లు తేలికగా ఏమీ జరగలేదు. మిడ్ పరీక్షల వారాలలో ఇప్పటికీ ఆమెకు కడుపులో మంట వస్తుంది, రాత్రి ఫోను చేసి తిన్నావా అంటే ఒక క్షణము ఆగి తిన్నానంటుంది. ఆ ఆగడము మేము గమనిస్తూనే ఉంటాము.

ఏడు సబ్జెక్టుల పిల్లవాడు మూడు పూర్తి చేశాడు, నాలుగున్నాయి. నెలకొకసారి శనివారము రాత్రి బస్సుకు ఇంటికి వస్తాడు. ఆదివారము ఆరాధన తరువాత వంతుల వారీగా ఒక్కొక్క ఇంట్లో భోజనము. ఈసారి వంతు మాది. బోటి కూర వండమని కబురు పెట్టాడు, వెంట మరో ఇద్దరు స్నేహితులను తెస్తున్నాడట, వాళ్ళకూ సబ్జెక్టులున్నాయట.